తేట నీళ్ళు

గరికిన దానయ్య వలలో పగడం పడ్డనాటికి లోకంలో బతికున్న పగడం మరెక్కడా లేదు. సముద్రాలు కాగిపోయి, పగడపు దిబ్బలన్నీ ఒకదాని వెంట ఒకటి సున్నపు గుట్టల్లా తెల్లబోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. వాటి చాటున బతికిన దీవులు అలల కోతకు కరిగిపోతున్నాయి. అలాంటి రోజుల్లో ఉప్పలదిబ్బపాలెం నుంచి వేటకెళ్ళిన దానయ్యకు, లోతున రాతికి తగిలి చిరిగిన వలలో, పిడికెడంత గోధుమరంగు ముద్ద ఒకటి చిక్కింది. ఇంకొకరైతే విసుక్కుని నీళ్ళలోకి విసిరేసేవాళ్ళే. దానయ్య చెల్లెలు నీలవేణి తీర జీవ పరిశోధనశాలలో శాస్త్రవేత్త. ఆమె బల్ల మీద చచ్చిన పగడాల ముక్కలు చూసి ఉన్నాడు గనక, ఆ ముద్దను బకెట్టు నీళ్ళలో వేసి, పైన తడి గోనె కప్పి తెచ్చాడు.

"సూడమ్మీ, నీకాడున్న రాయిలాంటిదేనా ఇది? ఒంటి మీద జిగురుంది. సచ్చినట్టు లేదు."

నీలవేణి వంగి చూసింది. ముద్ద నిండా గసగసాలంత నోళ్ళు. వాటి చుట్టూ సన్నని వేళ్ళు నీళ్ళలో ఆడుతున్నాయి. అన్న చెయ్యి పట్టుకుని పరిశోధనశాల మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. తను చేసిన తప్పేమిటో తెలియక దానయ్య కంగారుపడ్డాడు.

అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచింది దానయ్యా, అతని భార్య కోటమ్మా. చదువై ఉద్యోగం వచ్చాక కూడా నీలవేణి పాలెంలో వాళ్ళింట్లోనే ఉండేది. కోటమ్మ పెళ్ళి ఊసెత్తితే, "సచ్చిన పగడాలతో అయిపోయింది కదా వదినా" అని నవ్వేసేది. ఇప్పుడు బతికున్న పగడమే ఇంటికొచ్చింది.

అది పరిశోధనశాలలోని పాత గాజు తొట్టిలో ఏడాదిపాటు బాగానే బతికింది. ఒడ్డు నీళ్ళు మురికి కాబట్టి, దానయ్యే దూరం పోయి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చేవాడు. వచ్చినప్పుడల్లా తొట్టి ముందు నిలబడి, "బాగున్నావేటే?" అని పలకరించి వెళ్ళేవాడు.

వేసవిలో ఒక ఉదయం నీలవేణి వచ్చేసరికి పగడం అంచులు తెల్లబడి ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా కారణం తేలింది. నీళ్ళను చల్లబరిచే యంత్రంలో రాగి గొట్టం చిలుము పట్టి చిల్లు పడింది. రాగి నీళ్ళలో కలిసి, రాళ్ళలోకి, ఇసకలోకి ఇంకిపోయింది. నీళ్ళు మార్చి లాభం లేదు. తొట్టే మార్చాలి.

కొత్త తొట్టి ఉంది. సముద్రపు రాళ్ళున్నాయి, ఇసక ఉంది, దానయ్య తెచ్చిన నీళ్ళున్నాయి. లేనిది వ్యవధి ఒక్కటే. కొత్త తొట్టిలో నీళ్ళు చూడ్డానికి ఎంత బాగున్నా, అందులో ప్రాణిని వేస్తే దాని మలినంలోంచి పుట్టే అమ్మోనియాయే దాన్ని చంపుతుంది. అమ్మోనియాను తిని నైట్రైటుగా మార్చే సూక్ష్మజీవులు ముందు పుట్టాలి. నైట్రైటూ విషమే. దాన్ని తిని నైట్రేటుగా మార్చేవి ఆ తర్వాత పుట్టాలి. ఇవన్నీ రాళ్ళ సందుల్లో కాపురం పెట్టుకునేదాకా, మనిషి ఉత్త తొట్టి ముందు చేతులు కట్టుకు కూర్చోవాలి. పరిశోధనశాలలో దీన్ని నీళ్ళు మాగడం అనేవాళ్ళు.

"మాగడానికి ఎంత పడుతుంది?" అని అడిగాడు డైరెక్టర్ మృత్యుంజయరావు. నెమ్మదైన మనిషి. తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"నెల పైమాటే సార్."

"పగడం ఎంతకాలం ఉంటుంది?"

"వారం ఉంటే గొప్ప."

ఆయన అద్దం నుంచి ముఖం తీసి ఆమె వైపు తిరిగాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "నీ త్వరిత ఉంది కదమ్మా."

త్వరిత ఆమె తయారుచేసిన సూక్ష్మజీవి. రొయ్యల చెరువుల కోసం మొదలుపెట్టిన పని అది. అమ్మోనియా మొదలుకుని నైట్రేటు దాకా మొత్తం తనే తినేసి, చివరికి హాని లేని గాలి బుడగలుగా వదిలేస్తుంది. మామూలు సూక్ష్మజీవులు నెలలో చేసే పని పూటలో చేస్తుంది. అది అదుపు తప్పకుండా నీలవేణి దానికో గొలుసు వేసింది. ప్రకృతిలో దొరకని ఒక మందు పోస్తేనే అది బతుకుతుంది. మందు ఆపితే గంటల్లో చస్తుంది. గుర్తు పట్టడానికి వీలుగా, నీలి దీపం కింద పచ్చగా వెలిగే గుణం కూడా దానిలో పెట్టింది.

"అది ఇంకా గాజు సీసాలు దాటి బయటికి రాలేదు సార్. తక్కువలో తక్కువ ఏడాదైనా పరీక్షించాలి."

"ఏడాది తర్వాత ఎవరి కోసం వాడతావు?"

ఆ మధ్యాహ్నమే నీలవేణి కొత్త తొట్టిలో త్వరితనూ, దాని మందునూ పోసింది. రాళ్ళ మీద చచ్చిన జీవాలు కుళ్ళి, నీళ్ళలో అప్పటికే అమ్మోనియా పుట్టి ఉంది. పరీక్షనాళికలో ఆ నీళ్ళు పట్టి, అమ్మోనియాను పసిగట్టే రసాయనం చుక్క వేస్తే ముదురాకు రంగుకు తిరిగాయి. టీ తాగి వచ్చి మళ్ళీ చూస్తే లేతాకుపచ్చ. పొద్దు వాలేసరికి పసుపు. అమ్మోనియా లేదు, నైట్రైటు లేదు. రాళ్ళ మీంచి సన్నని బుడగలు ముత్యాల్లా పైకి లేస్తున్నాయి.

పగడాన్ని తన చేతులతోనే కొత్త నీళ్ళలోకి మార్చింది. ఒకటి రెండు రోజులు అది మొగ్గలా ముడుచుకుపోయింది. తర్వాతి ఉదయం నోళ్ళన్నీ తెరిచింది. మృత్యుంజయరావు పరిశోధనశాల అంతటికీ పూతరేకులు పంచాడు. దానయ్య తొట్టి ముందు నిలబడి, "బతికిచ్చీసినావమ్మీ" అన్నాడు. ఆ మాట ముందు మిగతా మెప్పులేవీ ఆమెకు పెద్దగా అనిపించలేదు.

తొట్టిలోంచి పొర్లే నీళ్ళు వెనక పారే గెడ్డ వాగులో పడి సముద్రంలో కలిసేవి. వాటితో పోయే త్వరిత, మందు లేక గెడ్డ దాటకముందే చస్తుందని ఆమె అంచనా. మొదట్లో రోజూ గెడ్డ నీళ్ళు తెచ్చి నీలి దీపం కింద చూసింది. ఎక్కడా వెలుగు లేదు. కొన్నాళ్ళకు చూడ్డం మానేసింది. పగడం పెరుగుతోంది. దాన్ని ముక్కలు చేసి నాటితే ప్రతి ముక్కా మళ్ళీ పెరుగుతోంది. ఆమెకు క్షణం తీరిక లేదు.

ఆ శీతకాలం పాలెంలో అందరి నోటా ఒకటే మాట, సముద్రం తేటబడిందని.

"నా పుట్టుకలో ఇలగ సూళ్ళేదు," అన్నాడు దానయ్య అన్నం తింటూ. "ఆరు బారల అడుగున పీత నడిస్తే కాళ్ళు లెక్కెట్టొచ్చు. అద్దమే అనుకో."

ఎప్పుడూ మట్టిపచ్చగా ఉండే తీరం నీలమణిలా మెరిసింది. పట్నం నుంచి ఆదివారాలు కార్లొచ్చాయి. పిల్లలు నీళ్ళలో దిగి తమ పాదాలు తామే చూసుకుని కేరింతలు కొట్టారు. ఇది శుభ్రమైన తీరమని టీవీలో చూపించారు. కోటమ్మ గట్టు మీద బజ్జీల బండి పెట్టింది. కొన్నాళ్ళు పాలెం తిరునాళ్ళలా ఉంది.

అయితే వలలు మాత్రం తేలిగ్గా పైకొస్తున్నాయి. ముందు చిన్న చేపలైన నెత్తళ్ళు కనబడకుండా పోయాయి. తర్వాత కవళ్ళు రాలేదు. వాటిని తరుముతూ వచ్చే పెద్ద చేపలూ రాలేదు. ఎండుచేపల కోసం వేసిన పందిళ్ళు బోసిపోయాయి. ఒడ్డున కాకులు తగ్గాయి.

"సంద్రం ఒడ్డున ఉండి పప్పుచారు తింటన్నాం," అని కోటమ్మ విస్తట్లో వడ్డిస్తూ నవ్వింది. ఆ నవ్వులో బాధ నీలవేణికి వినబడింది. నీళ్ళు వేడెక్కి చేపలు లోతుకు పోయి ఉంటాయని చెప్పింది. అప్పటికి ఆమె నమ్మింది కూడా అదే.

సంక్షోభం ఇంకో తొట్టి రూపంలో బయటపడింది. పగడపు ముక్కలను పడమటి దీవులకు పంపాలని ప్రభుత్వం నిర్ణయించింది. అక్కడివాళ్ళకు త్వరిత వాడకుండా మామూలు పద్ధతిలో నీళ్ళు మాగించడం నేర్పాలని, నీలవేణి నమూనాగా ఒక కొత్త తొట్టి సిద్ధం చేసింది. కడిగి ఎండబెట్టిన రాళ్ళు, ఇసక, దానయ్య తెచ్చిన తాజా నీళ్ళు. త్వరిత చుక్క కూడా పొయ్యలేదు. అమ్మోనియా కొలిచి కలిపి, ముదురాకు రంగు చూసి, ఇక నెలపాటు దీని జోలికి రానక్కర్లేదనుకుని ఇంటికి పోయింది.

మర్నాడు ఊరికే చూద్దామని పరీక్షనాళికలో నీళ్ళు పట్టింది. పసుపు.

పరీక్ష రసాయనం పాడైందనుకుంది. కొత్త సీసా తీసింది. పసుపే. ఎవరైనా పొరపాటున త్వరిత పోశారేమోనని అందరినీ అడిగింది. ఎవరూ ఆ గదిలోకే రాలేదు. అప్పుడామె చూపు మూలనున్న డ్రమ్ము మీద పడింది. అడుగున ఇంకా కాసిని నీళ్ళున్నాయి. తలుపు మూసి, కిటికీ తెరలు దించి, ఆ నీళ్ళను వడగట్టిన కాగితం మీద నీలి దీపం వేసింది.

కాగితం పచ్చగా వెలిగింది.

దానయ్యకు ఫోన్ చేసింది. "అన్నా, నిన్న నీళ్ళు ఎక్కడ పట్టినావు?"

"ఎప్పటికంటే దూరమే ఎల్లినాను. ఒడ్డు కనబడనంత. ఏమీ?"

"ఏం లేదు," అని పెట్టేసింది.

తర్వాత రోజుల్లో ఆమె ఉత్తరానికీ దక్షిణానికీ పోయి ఒడ్డొడ్డునా నీళ్ళు తెచ్చుకుంది. అన్నీ వెలిగాయి. చివరికి గొలుసు ఎక్కడ తెగిందో తెలిసింది. పగడం తన ఒంటిని కాపాడుకోవడానికి ఒక జిగురు ఊరుస్తుంది. త్వరితలో కొన్ని ఆ జిగురులోంచే తమకు కావలసింది వండుకోవడం నేర్చాయి. వాటికిక మందుతో పని లేదు. అవి గెడ్డ దాటి సముద్రంలో పడి, చేపల ఒంటి మీది జిగురులోనూ కాపురం పెట్టాయి. అమ్మోనియాగా, నైట్రేటుగా నీళ్ళలో ఉండే నత్రజనిని చుక్క మిగల్చకుండా తిని గాలికి వదిలేస్తున్నాయి. సముద్రంలో కంటికి కనబడని నాచుకు అదే ఎరువు. ఆ నాచే చిన్న చేపలకు మేత. మేత చచ్చింది గనకే నీళ్ళు తేటబడ్డాయి. లోకమంతా మెచ్చుకుంటున్న ఆ నీలిరంగు ఉత్త ఆకలి రంగు.

మృత్యుంజయరావు అంతా విని చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"దీన్ని చంపే మార్గం?"

"సముద్రంలోనా? లేదు సార్."

"పోనీ, పగడం మీద?"

"ప్రయత్నించాను. దాన్ని చంపేవన్నీ ముందు పగడాన్నే చంపుతున్నాయి. ముక్కలు పంపితే పడమటి సముద్రానికి కూడా మన చేతులతో అంటించినట్టే. పంపొద్దు సార్."

"ఇది లోకంలో ఆఖరి పగడం నీలవేణీ. దీవుల్లో లక్షల మంది దీని కోసం ఎదురు చూస్తున్నారు. నువ్వు చెప్పేది రుజువయ్యేదాకా ఆపలేను. సోమవారం పెట్టెలు వెళ్తాయి." ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. దానికే ఆమెకు ఎక్కువ భయమేసింది.

ఆ సాయంత్రం దానయ్య పంచలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. చేపలు లేకపోయినా చేతులు ఊరుకోవు కదా. నీలవేణి ఎదురుగా కూర్చుని ఏదీ దాచకుండా చెప్పింది. అతను తలెత్తకుండా విన్నాడు. వినేకొద్దీ చేతిలోని దారపు కండె నెమ్మదించి, ఆగిపోయింది.

"అంటే సేపలు ఎక్కడికీ ఎలిపోలేదన్న మాట."

"లేదన్నా. తిండి లేక చచ్చిపోయినాయి."

"మందు లేదేటి?"

"లేదు."

"ఎప్పటికీ?"

ఆమె తల అడ్డంగా ఊపింది. లోపల్నుంచి కోటమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పగడాన్ని బతికిచ్చీసి మమ్మల్ని సంపీసినావు," అన్నాడు దానయ్య. గొంతు పెంచలేదు. "ఇప్పుడేటి సేస్తావు?"

"పగడాన్ని కూడా చంపాల. లేకపోతే ఈ రోగం పడమటికి పోతాది."

దానయ్య వల పక్కన పడేసి లేచాడు. "మరెందుకమ్మీ ఇదంతా? నానెందుకు తెచ్చినాను దాన్ని?" అని, జవాబు కోసం ఆగకుండా ఒడ్డు వైపు నడిచిపోయాడు. కాసేపటికి కోటమ్మ నీలవేణికి కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. ఇద్దరూ ఆ అన్నం ముట్టుకోలేదు.

ఆదివారం పరిశోధనశాలలో కాపలావాడు తప్ప ఎవరూ ఉండరు. నీలవేణి బ్లీచింగు ద్రావణం డబ్బాలు తొట్ల గదిలోకి మోసుకుపోయి తలుపు గడియ వేసింది. పెట్టెల్లో సర్దిన ముక్కలను ముందు ముగించింది. అది తేలికే అయింది, వాటి వైపు చూడకుండా పోసేసింది. పెద్ద తొట్టి దగ్గర మాత్రం చెయ్యాడలేదు. అన్న వలలో పడ్డ పిడికెడు ముద్ద ఇప్పుడు కొబ్బరికాయంత అయింది. వేళ్ళన్నీ చాచి ఉంది. తొట్టి మీదికి వంగిన ఆమె నీడను చూసి, మేత వేస్తుందనుకుని, నోళ్ళు ఇంకా పెద్దగా తెరిచింది.

ఆ తెరిచిన నోళ్ళ మీదే పోసింది.

అది వెంటనే చావలేదు. ముడుచుకుంది. ఒళ్ళంతా జిగురు కక్కింది. ఆ జిగురు దారాలు దారాలుగా నీళ్ళలో తేలింది. రంగు కొంచెం కొంచెంగా వదిలి, కింద తెల్లని ఎముక బయటపడింది. ఆమె చివరిదాకా అక్కడే నిలబడింది. తర్వాత గెడ్డలోకి పోయే గొట్టంలోనూ డబ్బా వంచి, మృత్యుంజయరావుకు ఫోన్ చేసి చెప్పింది.

లోకం ఆమెను తిట్టిన తిట్లకు అంతు లేదు. ఆఖరి పగడాన్ని చంపిన మనిషిగా ఆమె ఫొటో దేశదేశాల్లో తిరిగింది. మతి చలించిందని పరిశోధనశాల ప్రకటించి ఉద్యోగం తీసేసింది. నీలి దీపం కింద తను చూసింది అడిగినవాళ్ళందరికీ చెప్పింది. వాళ్ళు సముద్రం వైపు చూశారు. అంత అందమైన నీళ్ళలో రోగం ఉందంటే ఎవరు నమ్ముతారు? నమ్మిన ఒకరిద్దరు శాస్త్రవేత్తలు చేసేది లేక ఊరుకున్నారు. అప్పటికే దక్షిణాన రెండు జిల్లాల అవతల తీరం తేటబడుతున్నట్టు కబురొచ్చింది.

పాలెంలో ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే తప్పుకుని పోయేవాళ్ళు. కొట్టినా బాగుండేదని ఆమెకు అనిపించేది. కార్లు రావడం కూడా మానేశాయి. తేట నీళ్ళు అన్ని చోట్లా దొరుకుతున్నప్పుడు ఇంత దూరం ఎవరొస్తారు?

ఎండలు ముదిరేసరికి మగవాళ్ళు పడమటి తీరం ప్రయాణం కట్టారు. గుజరాతు వైపు బోట్ల మీద పని ఎప్పుడూ ఉండేదే. అటు సముద్రం ఇంకా మట్టిరంగులోనే ఉంది, ఇంకా చేపలున్నాయి. దానయ్య కూడా పేరు ఇచ్చాడు. బస్సు పాలెం మొదట్లో ఆగింది. పైన వలల మూటలు కడుతున్నారు.

నీలవేణి పరుగున వచ్చింది. బస్సుకు అడ్డం నిలబడి, వలలు తీసుకుపోవద్దని, అవి ఈ నీళ్ళలో నానినవని అరిచింది. కొందరు విననట్టు మూటలు కట్టుకుంటూనే ఉన్నారు. "మా పిల్లలకేటి పెడతావమ్మా, నీ నీలి దీపమా?" అని ఒకడు అడిగాడు. దానయ్య బస్సులోంచి కిందికి దిగి ఆమెను పక్కకు తీసుకుపోయాడు.

"వల ఒగ్గీమంటే ఒగ్గీస్తాను," అన్నాడు. "కాల్సీమంటే కాల్సీస్తాను. మరి నా ఒంటి సంగతో? ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళలో నానిన ఒళ్ళు. సేప జిగురు గోళ్ళలోంచి పోదు. ఒళ్ళు కూడా కాల్సీమంటావేటి?"

మనిషి చర్మం మీద అది ఎన్నాళ్ళు బతుకుతుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవడానికి ఇప్పుడామెకు ప్రయోగశాల లేదు. అబద్ధం చెప్పి పంపెయ్యొచ్చు. "తెలీదన్నా," అంది.

దానయ్య చేతులు చూసుకున్నాడు. బస్సు వాడు హారన్ కొట్టాడు. లోపల్నుంచి ఎవరో, "దానన్నా, వస్తన్నావా లేదా?" అని కేకేశారు.

అతను వెళ్ళి తన సంచీ దింపుకున్నాడు. వల మూట కూడా దింపించాడు. మిగతావాళ్ళను రమ్మనీ అనలేదు, వెళ్ళొద్దనీ అనలేదు. బస్సు వాళ్ళందరితోనూ, వాళ్ళ వలలతోనూ కదిలి, దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కి పడమటికి తిరిగింది. నీలవేణి దాని వెనక నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయింది.

"రా," అన్నాడు దానయ్య సంచీ భుజానికెత్తుకుంటూ. "నాను ఎలిపోతన్నానని మీ వదిన పొయ్యి ముట్టించలేదు."

వల మూట ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఇంటికి నడిచారు.